లారెల్ గ్యాప్ ఎక్కాల్సిన బండి

డెల్బర్ట్ రాట్లిఫ్ చెడ్డవాడని మా ఊరు డ్రై బ్రాంచ్‌లో ఎవరూ అనరు. మొండివాడని మాత్రం అందరూ అంటారు, వాళ్ళావిడ ఒలీటాతో సహా. మొండివాడు రాజు కంటే బలవంతుడని సామెత ఉంది. ఉండనీండి. ఆ బలంతో లారెల్ గ్యాప్ ఎక్కలేం.

మా వెస్ట్ వర్జీనియా కొండల్లో గని నడిచినన్నాళ్ళూ లోయలోనే ఆసుపత్రి ఉండేది. గని మూతపడింది, రెండేళ్ళకి ఆసుపత్రీ మూతపడింది. అప్పట్నుంచీ కాలు విరిగినా, పురుడొచ్చినా కొండకి అవతలున్న కోల్టన్‌కి పోవలసిందే. ఇటు ఎనిమిది మైళ్ళు ఎక్కాలి, అటు ఏడు మైళ్ళు దిగాలి, నడినెత్తిన లారెల్ గ్యాప్ అనే కనుమ. అంబులెన్సు కూడా కోల్టన్‌లోనే ఉంటుంది. అందుకని జనం ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఫోన్ చేసి, రోగిని మన బండిలో మనమే ఎక్కించుకుని పైకి పోతాం. అంబులెన్సు అటునుంచి ఎక్కి వస్తుంది. గ్యాప్ దగ్గర రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట కలుసుకుంటాం. అంబులెన్సు గ్యాప్ దాటి ఇటు దిగదు. దిగితే రేడియో అందదు, ఆ మలుపుల్లో మన బండిని దాటేసి పోయినా దానికి తెలియదు. ఒకసారి అలాగే జరిగి ఒక మనిషి పోయాడు కూడా.

ఒలీటాకి ఉబ్బసం. చిన్నప్పట్నుంచీ ఉంది గానీ యాభై దాటాక ముదిరింది. లేకపోతే ఆవిడ నోరు ఊరందరికీ తెలుసు. ఫైర్ స్టేషన్‌లో గురువారం బింగో ఆటకి నంబర్లు చదివేది ఆవిడే. ఒక్కో నంబరుకీ ఒక్కో వెటకారం తగిలించేది. ఆట కోసం కాదు, ఆ వెటకారం వినడానికే వచ్చేవాళ్ళు సగంమంది. అలాంటి మనిషికి 1994 మార్చిలో ఊపిరి అందకుండా పోయింది. డెల్బర్ట్ తన పికప్‌లో వేసుకుని బయలుదేరాడు. పదేళ్ళ పాత బండి, ఆరు సిలిండర్లు. సగం ఎక్కుడు నుంచీ సెకండ్ గేరులో మూలుగుతూ పాకింది. గ్యాప్ చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి ఒలీటా గోళ్ళు నీలంగా మారిపోయాయి. బతికి బయటపడింది.

కోల్టన్‌లో ఒలీటా చెల్లెలు నాడీన్ ఉంది. ఆసుపత్రికి నాలుగు వీధుల దూరంలో సొంతిల్లు, పైన రెండు గదులు ఖాళీ. "బావా, చలికాలం నాలుగు నెలలైనా వచ్చి ఉండండి. నేనేం అద్దె అడుగుతానా?" అంది. ఒలీటా అప్పటికే మనసులో మూటలు కట్టేసుకుంది.

"పోదామయ్యా," అంది మొగుడితో. "ఈ కొండ మీద నాకు బెంగ పట్టుకుంది."

"మరదలింట్లో మేడమీద పడుండాలా నేను? మా తాత కట్టిన ఇల్లు ఇది."

"మీ తాత కట్టాడు సరే. మీ తాతకి ఉబ్బసం లేదుగా?"

"బండికి బలం కడతాను," అన్నాడు డెల్బర్ట్. "పది నిమిషాల్లో గ్యాప్ ఎక్కిస్తాను నిన్ను. చూస్తూ ఉండు."

ఒలీటా చూస్తూనే ఉంది పాపం. డెల్బర్ట్ నోట మాట బయటికొస్తే దేవుడు దిగొచ్చినా వెనక్కి తీసుకోడని ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆవిడకి బాగా తెలుసు.

శనివారం పొద్దున క్లోవిస్ హేగర్ విడిభాగాల కొట్టుకి పోవడం మా మగవాళ్ళకి రెండో చర్చి. కొనేదేం ఉండదు. కౌంటరు మీద మోచేతులు ఆనించి, క్లోవిస్ కాచిన మాడు కాఫీ తాగుతూ పక్కవాడి బండిని తిట్టడమే పని. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర తన బండి తను బాగుచేసుకోలేనివాడికి విలువ లేదు. మెకానిక్ షాపుకి ఇచ్చి చేయించుకుంటే వాడికి చేతులున్నాయా లేవా అని అడుగుతారు. అంతకంటే ఘోరం, చిన్న తప్పుని పెద్ద తప్పనుకుని బండి మొత్తం విప్పడం. రూఫస్ అనే ఆయన ఒకప్పుడు గేర్లు పడటం లేదని గేర్‌బాక్సు దించి, కొత్తది ఎక్కించాక చూసుకుంటే, గేరు రాడ్డు దగ్గర చిటికెన వేలంత పిన్ను ఊడిపోయి ఉందట, అంతే. అది జరిగి ఇరవై రెండేళ్ళు. ఈరోజుకీ ఆయన్ని పిన్ను రూఫస్ అంటారు. ఆయన మనవరాలి పెళ్ళిలో కూడా అలాగే పిలిచారు.

డెల్బర్ట్ తన గోడు చెప్పగానే కొట్టంతా వైద్యులైపోయారు.

"నైట్రస్ గ్యాస్ పెట్టరా," అన్నాడు క్లోవిస్. "సీటెనక ఒక సిలిండరు, స్టీరింగ్ దగ్గర ఒక బటను. ఎక్కుడు రాగానే నొక్కు. గుర్రం తోక మీద నిప్పెట్టినట్టు లేస్తది."

"పిస్టన్లు కరిగిపోతే?"

"కొత్త పిస్టన్లు నా దగ్గరే కొంటావ్. నాకేం నష్టం?"

అందరూ నవ్వారు. పాత వాగన్ కారులోంచి ఎనిమిది సిలిండర్ల ఇంజను ఎత్తి పెట్టమని ఒకడు. అది పెడితే ముందు స్ప్రింగులూ, గేర్‌బాక్సూ, రేడియేటరూ అన్నీ మార్చాలి కదరా అని ఇంకొకడు. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జరైతే కాలు ఆనించగానే బలం వస్తుందని మూడోవాడు. డెల్బర్ట్‌కి మాత్రం టర్బో మీద మనసు పడింది. వృథాగా పోయే పొగే ఫ్యాన్ తిప్పుతుంది, ఆ ఫ్యాన్ ఇంజనులోకి గాలి కుక్కుతుంది. ఊరికే పోయేదాన్ని పట్టుకుని పని చేయించుకోవడం ఆయన రక్తంలో ఉంది. వంగిన మేకులు కూడా సాపు చేసి డబ్బాలో దాచుకునే మనిషి.

మూలన స్టూలు మీద కూర్చున్న హార్లెస్ గొంతు సవరించుకున్నాడు. డెల్బర్ట్‌కి పక్కింటాయన, డెబ్భై నాలుగేళ్ళు. ఎండుగడ్డి తోలుకునే పాత ఫ్లాట్‌బెడ్ లారీ తప్ప ఇంకో బండి ఎరగడు.

"కొత్త బలం సంగతి తర్వాతరా అబ్బాయ్. ఉన్న బలం ఎటు పోతందో ముందు చూసుకో."

"పెద్దాయన లారీ ఎక్కుడులో గంటకి పదహారు మైళ్ళు పోద్ది," అన్నాడు క్లోవిస్. "బలం గురించి ఈయన చెబుతున్నాడు, వినండ్రా."

మళ్ళీ నవ్వులు. డెల్బర్ట్ కూడా నవ్వాడు. "టర్బోయే పెడతాన్రా. మూడు రోజుల పని," అని అందరి ముందూ ప్రకటించాడు. ఆ ప్రకటనే కొంప ముంచింది.

సెప్టెంబరు మొదట్లో తుక్కు యార్డు నుంచి టర్బో తెచ్చి, షెడ్డులో బండిని దిమ్మల మీదికి ఎత్తాడు. మొదటిరోజు ముందుభాగమంతా విప్పాడు. రెండోరోజు మధ్యాహ్నం పొగగొట్టం దించాడు. ఆ గొట్టం రెండు పొరలది. పైపొర బాగానే ఉంది, తట్టి చూస్తే ఖంగుమంది. ఎందుకో లోపలికి టార్చి వేసి చూశాడు. లోపలి పొర ఊడి ముడుచుకుపోయి దారికి అడ్డంగా పడుంది. చిటికెన వేలు పెడితే దూరడం లేదు. ఏడాదో, రెండేళ్ళో, ఆ ఇంజను ఆ సందులోంచే ఊపిరి వదులుతోంది.

డెల్బర్ట్ ఆ గొట్టం ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయాడు. ఇంజనుకి బలం లేకపోవడం కాదు, పొగ బయటికి పోకపోవడం. క్లోవిస్ దగ్గర మామూలు గొట్టం ఒకటి తెచ్చి బిగిస్తే అయిపోతుంది. సాయంత్రానికి బండి వాకిట్లో ఉంటుంది. గ్యాప్ హాయిగా ఎక్కుతుంది. అంతా ఒక్క క్షణంలో తెలిసిపోయింది ఆయనకి. తెలియలేదని ఆయన ఎప్పుడూ అనలేదు, అది ఒప్పుకోవాలి.

కానీ ఆ గొట్టం కావాలని అడిగితే క్లోవిస్ ఎందుకని అడుగుతాడు. శనివారానికి కొట్టంతా తెలిసిపోతుంది. పదిమంది ముందు టర్బో అని చాటింపు వేసినవాడు, రెండోరోజే గొట్టం పూడిపోయిందని చెప్పుకోవాలా? హార్లెస్ పెద్దాయన మాటే నిజమైందని ఒప్పుకోవాలా? చచ్చేదాకా గొట్టం డెల్బర్ట్ అని పిలిపించుకోవాలా? ఎలాగూ విప్పాం కదా, టర్బో కూడా పెట్టేస్తే ఇంకా మంచిదే కదా అనుకున్నాడు. మనసుకి నచ్చిన పని చెయ్యడానికి సాకులకేం కొదవ! లేచి, ఆ గొట్టాన్ని కట్టెల గుట్ట వెనక గోనెపట్టా కింద తోసేశాడు.

మూడు రోజుల పని వారమైంది. టర్బో తగిలించడానికి తనే చేసుకున్న మానిఫోల్డు వెల్డింగు దగ్గర పగిలింది. మళ్ళీ చేశాడు. టర్బోకి నూనె పోయే పైపు కొలత తప్పింది. సరైనది పోస్టులో రావాలి. సెప్టెంబరంతా అలా గడిచిపోయింది. బండి దిమ్మల మీదే ఉంది.

ఒలీటా రోజూ షెడ్డు గుమ్మం దాకా వచ్చి, మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల పులుసు ఉన్న గిన్నె బల్లమీద పెట్టేది.

"ఏమయ్యా, మూడు రోజులు అయిపోయాయా? ఇంకా ఒకటిన్నర ఉందా?"

"పని జరుగుతుంటే మాట్లాడకే."

"జరుగుతుంటే మాట్లాడను. జరగడం లేదు కాబట్టే మాట్లాడుతున్నా. ఈలోగా నాకేమైనా అయితే?"

"హార్లెస్ లారీ ఉందిగా!"

"అది ఎక్కేదానికంటే నడిచి పోవడం నయం," అని నవ్వింది ఒలీటా. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. డెల్బర్ట్ రెంచి చేతిలో పట్టుకుని ఆ దగ్గు విన్నాడు. గోనెపట్టా గుర్తొచ్చింది. వచ్చే వారానికల్లా అయిపోతుందిలే అని మళ్ళీ బండి కింద దూరాడు.

అక్టోబరు పదకొండు, మంగళవారం. రాలిన ఆకులు తగలబెట్టే రోజులు. గాలి లేదు. పొగ లోయలో దుప్పటి కప్పినట్టు నిలిచిపోయింది. రెండు గంటలప్పుడు వంటింట్లో ఏదో పడిన చప్పుడైతే డెల్బర్ట్ పరిగెత్తాడు. ఒలీటా నేల మీద మోకాళ్ళ మీద ఉంది. ఇన్‌హేలర్ చేతిలోనే ఉంది, పనిచెయ్యడం లేదు. మాట్లాడాలని చూస్తోంది, మాట రావడం లేదు. అంత నోరున్న మనిషి! కళ్ళతోనే బండి అని అడిగింది. డెల్బర్ట్‌కి అర్థమైంది.

కోల్టన్‌కి ఫోన్ చేశాడు. "గ్యాప్ దగ్గరికి వచ్చేయండి, మేం బయల్దేరుతున్నాం," అన్నారు. రోడ్డు మీదికొచ్చి కేక పెట్టాడు. గని పోయాక లోయలో పగటిపూట మగమనిషి దొరకడు. ఉద్యోగాలున్నవాళ్ళంతా బండ్లేసుకుని కొండ దాటి పోయి ఉంటారు. హార్లెస్ ఒక్కడే ఉన్నాడు. ముసలాయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి లారీ తీశాడు. ఒలీటాని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు.

ఆ ఎక్కుడు గురించి డెల్బర్ట్ తర్వాత ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. హార్లెస్ చెప్పిందే మాకు తెలుసు. లారీ మొదట ఇరవై పోయింది. మూడో మైలు దగ్గర పదహారుకి వచ్చింది. ముసలాయన యాక్సిలరేటరు మీద కాలు కాదు, ప్రాణం పెట్టి తొక్కాడు. "ఎక్కవే తల్లీ, ఎక్కవే," అని లారీని బతిమాలాడు. డెల్బర్ట్ పెళ్ళాం వీపు రాస్తూ, "ఇంకొంచెమే, ఒలీటా, ఇంకొంచెమే," అంటూనే ఉన్నాడు. ఆరో మైలు రాయి దాటాక ఆవిడ తల ఆయన భుజమ్మీద వాలిపోయింది. ఊపిరి లేదు. నోట్లో నోరు పెట్టి ఊదడం మొదలెట్టాడు. రెండు మైళ్ళు ఊదాడు.

గ్యాప్ దగ్గర అంబులెన్సు తలుపులు తెరిచి సిద్ధంగా ఉంది. ఒలీటాని లాక్కుని, గొంతులో గొట్టం వేసి, గాలి పంపారు. గుండె ఆడుతూనే ఉంది. అంబులెన్సులో వచ్చిన అమ్మాయి పని చేస్తూనే కోపంగా అడిగింది:

"ఏంటండీ ఇంత లేటు? ఎనిమిది నిమిషాల్నుంచి ఇక్కడే నిలబడి ఉన్నాం మేం!"

ఎనిమిది నిమిషాలు. డెల్బర్ట్‌కి లెక్క చెప్పక్కర్లేదు. కొత్త గొట్టమూ వద్దు, టర్బో అంతకన్నా వద్దు. మార్చిలో పాకిన ఆ పాత పికప్, ఉన్నది ఉన్నట్టుగా వాకిట్లో ఉండి ఉంటే, ఇరవై నిమిషాల్లో, అంబులెన్సుతో పాటే ఇక్కడుండేది.

ఒలీటా బతికింది. పదమూడో రోజు కళ్ళు తెరిచి, "ఏమయ్యా, గడ్డం గీసుకోలేదేం?" అంది. డెల్బర్ట్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడే అంతా గట్టెక్కినట్టే అనుకున్నారు. తర్వాత మెల్లగా తెలిసింది. పాతవన్నీ గుర్తున్నాయి. పెళ్ళినాటి గౌను, చిన్నప్పటి పాటలు, మార్చిలో పికప్‌లో పోవడం, అన్నీ. కొత్తది ఏదీ నిలవడం లేదు. పొద్దున చెప్పింది మర్నాటికి ఉండదు. గాలి అందని ఆ కాసేపట్లో తలలో ఏదో పోయిందనీ, అది తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. బింగో నంబర్లు ఇంకెవరో చదువుతున్నారు ఇప్పుడు.

డెల్బర్ట్ డ్రై బ్రాంచ్‌కి వచ్చి, టర్బోని యార్డుకి తిరిగి ఇచ్చేశాడు. శనివారం క్లోవిస్ కొట్టులో అందరూ ఉండగా వెళ్ళి, "పొగగొట్టం ఒకటివ్వు. పాతది పూడిపోయింది. రెండోరోజే చూశాను, చూసి దాచాను," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. క్లోవిస్ గొట్టం తెచ్చి కౌంటరు మీద పెట్టి, తల ఎత్తకుండానే, "తీసుకుపోరా," అన్నాడు. ఒక్క మధ్యాహ్నంలో బిగింపు అయిపోయింది. పదమూడు నిమిషాల్లో గ్యాప్ ఎక్కింది పికప్. ఆ వెడల్పు చోట బండి ఆపి, వాచీ చూసుకుని, వెనక్కి తిప్పాడు. తాత కట్టిన ఇంటికి తాళం వేసి, ఆ వారమే ఒలీటాతో నాడీన్ మేడ మీదికి మారిపోయాడు. ముందే చెయ్యవలసిన పని.

వారానికోసారి, ఒక్కోసారి రెండుసార్లు, ఒలీటాకి ఒకే అనుమానం వస్తుంది. తనకేదో జరిగిందని ఒంటికి తెలుసు, ఏమిటో తెలియదు.

"ఏమయ్యా, నాకేమైంది? మనం ఇక్కడెందుకున్నాం?"

మొదటిసారి డెల్బర్ట్ ఉన్నదున్నట్టు చెప్పాడు. గొట్టం, గోనెపట్టా, ఎనిమిది నిమిషాలు, అన్నీ. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి ఏమీ ఎరగనట్టు నవ్వింది. రెండోసారి అడిగినప్పుడు ఆయన ప్రాణం ఒప్పలేదు. "బండి పార్టు రావడం లేటైందే," అన్నాడు. ఒలీటా ఆయన చెయ్యి పట్టుకుని నిమిరింది. "ఊరుకోవయ్యా. నీ తప్పేముంది అందులో? నాకోసమేగా చేశావ్!" అంది. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. అయినా నెలరోజులు అదే అబద్ధం చెప్పాడు, నెలరోజులూ అదే ఓదార్పు తిన్నాడు. తర్వాత తినలేక, మళ్ళీ నిజమే చెప్పడం మొదలెట్టాడు.

నాడీన్‌కి ఇది నచ్చలేదు. "ఎట్టాగూ మర్చిపోతది కదా బావా. ఆ అబద్ధమే చెప్పరాదూ? ప్రతిసారీ దాన్నెందుకు ఏడిపిస్తావ్?" అంది.

"మర్చిపోతది కాబట్టే," అన్నాడు డెల్బర్ట్. "ఇప్పుడూ దాస్తే, ఆ గొట్టం మళ్ళీ దాచినట్టే."

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, బిస్కెట్లనే మెత్తటి రొట్టెలూ గ్రేవీ తిన్నాక, కిటికీ దగ్గర కూర్చుని ఒలీటా మళ్ళీ అడిగింది. డెల్బర్ట్ కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటినుంచీ చెప్పాడు. ఆవిడ మధ్యలో ఆపలేదు. చివరికి మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పదినిమిషాల్లో ఎక్కిస్తానన్నావు. నాకు స్పీడెందుకయ్యా? బండి వాకిట్లో ఉంటే చాలేదిగా?"

"చాలేది."

"నవ్వుతారనా దాచావ్? ఎవరు, ఆ క్లోవిసా?"

"క్లోవిసూ, అందరూ."

"నా ఊపిరి కంటే వాళ్ళ నవ్వు ఎక్కువైందన్నమాట నీకు."

డెల్బర్ట్ తల ఊపాడు. ఒలీటా కిటికీవైపు తిరిగింది. నాడీన్ గుమ్మంలో నిలబడి చేతిలో ఉన్న గిన్నెలు తుడిచే గుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత ఒలీటా మొగుడివైపు తిరిగింది, కోపం ఇంకా మొహంలో ఉండగానే.

"సరే. ఇంకోసారి ఇట్టా చెయ్యకు," అంది.

"చెయ్యను," అన్నాడు డెల్బర్ట్, ప్రతిసారీ అన్నట్టే.